మన గాలిలెక్క మనమే వ్రాయవలెను

(నూనె పరిశ్రమ, శక్తివ్యయము, వాయూద్గారముల లెక్కలు అను విషయమును గూర్చి ఉప్పల్ పఠనమందిరమున గావించిన ఉపన్యాసపాఠము)



ఈ దేశము పరతంత్రమై యున్న దినములలో ప్రజలకు కన్ను తెరపించిన పెద్దలలో లెక్కలు వ్రాసినవారు ముఖ్యులు. దాదాభాయి నౌరోజీగారు ప్రభుత్వమువారు తామే అచ్చొత్తించిన పట్టికలను ముందిడుకొని, ఏటేట మన ధన మెంత సముద్రము దాటిపోవుచున్నదో అంకెలతో నిరూపించి, 1901వ సంవత్సరమున గ్రంథముగా ప్రకటించిరి. ఆవేశపూరితములైన ఉపన్యాసములకు దొరతనమువారు బదులు చెప్పగలిగిరి. తమ యంకెలకు తామే బదులు చెప్పుకొనలేకపోయిరి. గాంధీమహాత్ముని యనుయాయియైన కుమారప్పగారు లండనులో లెక్కల పరీక్షకుల విద్య నభ్యసించిన వారు. నీటితొట్టివలె వాడుకొలది తరుగు సంపద యొకటి, ఏటివలె నిత్యము పారు సంపద యొకటి యని విభజించి, మొదటిదానిపై నాధారపడిన నాగరకత నిలువదని 1945లో వారు హెచ్చరించిరి. రాతినూనె మొదటి తెగకు చెందినది.

నేడు మేము మీ యెదుట నుంచదలచినదియు నట్టి లెక్కయే. అయితే నిది ధనపు లెక్క కాక గాలిలెక్క. భూగర్భమునుండి తీసిన నూనెను శుద్ధిచేయుటలో, తరలించుటలో, కాల్చుటలో ఎంత శక్తి వ్యయమగుచున్నది, ఎంత బొగ్గుపులుసు గాలి ఆకాశమున చేరుచున్నది, ఆ లెక్క నెవరు వ్రాయుచున్నారు, ఎవరు పరీక్షించుచున్నారు, మన వంటివారికి దానిని చూచు హక్కు కలదా అను నీ నాలుగు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయములు.

మన ముంగిటి సంగతి

ఉప్పల్, నాచారములలో నూనెబావులు లేవు గదా, ఇక్కడ నీ ప్రసంగ మేల యని మీరడుగవచ్చును. బావులు లేకపోయినను ఆ పరిశ్రమయొక్క మొదలును తుదియు మన ముంగిటనే యున్నవి. ఉప్పల్ రోడ్డుననున్న జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ 1961లో నెలకొల్పబడినది. భూమి పొరలలోనికి తరంగములను పంపి, అవి మరలివచ్చు తీరునుబట్టి లోపల నేమున్నదో చెప్పు శాస్త్రమందు అక్కడివారు నిష్ణాతులు. సముద్రగర్భమున మంచువలె గడ్డకట్టియున్న మీథేను నిక్షేపములను గూర్చియు వారు పరిశోధనలు జరిపినారు. అక్కడికి కూతవేటు దూరముననే తార్నాకయందు 1944లో ప్రారంభింపబడిన రసాయన పరిశోధనాలయము కలదు. బొగ్గును, నూనెను శోధించిన శాస్త్రజ్ఞు లెందరో అందు పనిచేసిరి. శాస్త్రము మన పొరుగుననే యున్నది.

ఇక తుది. విశాఖపట్టణమున 1957లో కాల్టెక్సువారు స్థాపింపగా, పిదప జాతీయమై నేడు హిందూస్థాన్ పెట్రోలియమువారి యధీనమున నున్న శుద్ధికర్మాగారమునుండి బయలుదేరిన గొట్టపుమార్గము, విజయవాడమీదుగా 572 కిలోమీటర్లు ప్రయాణించి ఘటకేశ్వరము చెంత ముగియుచున్నది. చెర్లపల్లిలో వంటగ్యాసును సిలిండర్లలో నింపు కర్మాగారములున్నవి. ఆ నూనెయే ట్యాంకరులలో మన రింగురోడ్డును దాటి, మన బంకులలో దిగి, మన మోటారుసైకిళ్లలో, మన ఆర్టీసీ బస్సులలో, కరెంటు పోయినప్పుడు నాచారపు కార్ఖానాల జనరేటరులలో మండి గాలిలో కలియుచున్నది. విశాఖలో పుట్టిన లీటరు డీజిలు మన యింటిముందు చచ్చుచున్నది. దాని జనన మరణముల పట్టిక మన కక్కఱలేదా?

కంటికి కనబడని గాలి

నాచారపు పారిశ్రామికవాడలో కాలుష్యనియంత్రణ మండలివారి గాలి పరీక్షాకేంద్రము కలదు. అది సన్నని దుమ్మును, గంధకపు వాయువును, నత్రజని వాయువులను కొలుచును. 2009లో దేశమంతటికి ప్రకటింపబడిన గాలిప్రమాణములలో 12 కాలుష్యములు పేర్కొనబడినవి. వానిలో బొగ్గుపులుసు గాలి లేదు, మీథేను లేదు. ముక్కును మండించి, కన్నులను నీరుపెట్టించి, రోగములను తెచ్చు వాయువులకు కొలత కలదు. భూగోళమును వెచ్చజేయు వాయువులకు మన వీథిలో కొలత లేదు. దుమ్ము తగ్గినచో గాలి శుభ్రపడెనని సంతోషింతుము. తగ్గవలసినదే, సందేహము లేదు. అయినను తెల్లని ఆవిరివలె కనబడుచు, వాసన యింతయు లేని పొగగొట్టమునుండి సయితము టన్నులకొలది బొగ్గుపులుసు గాలి వెలువడుచుండవచ్చును.

కన్నులకు కనబడనిదానిని కొలుచు టెట్లు? దీనికి గొప్ప యంత్రములు మొదట నవసరము లేదు; త్రాసును, గుణకారమును చాలును. ఒక లీటరు డీజిలు సుమారు 830 గ్రాములు తూగును. అందు నూటికి ఎనుబదియారు పాళ్లు బొగ్గుపదార్థము. అది మండునప్పుడు ప్రతి 12 పాళ్ల బొగ్గు, గాలిలోని ప్రాణవాయువును 32 పాళ్లు తనతో కలుపుకొని 44 పాళ్ల బొగ్గుపులుసు గాలి యగును. ఈ లెక్కచొప్పున లీటరు డీజిలునుండి సుమారు 2.6 కిలోల వాయువు పుట్టును. లీటరునుండి రెండున్నర కిలోలు వచ్చుటెట్లని యాశ్చర్యపడువారు, బరువులో పెద్దపాలు గాలినుండియే వచ్చినదని గ్రహింపవలెను. అట్లే లీటరు పెట్రోలునుండి సుమారు 2.3 కిలోలు, 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరునుండి సుమారు 42 కిలోలు. మన దేశపు విద్యుత్తులో నధికభాగము బొగ్గునుండి పుట్టుచున్నందున ఒక యూనిట్టునకు సుమారు 0.7 కిలో.

ఎంత యింధనము కాలెనో తెలిసిన యెంత వాయువు పుట్టెనో తెలియును. అందుచేతనే శక్తివ్యయపు లెక్కయు, వాయూద్గారపు లెక్కయు నొకే చిట్టాయందలి రెండు పుటలు. మొదటిది తప్పైన రెండవది తప్పక తప్పగును.

మూడు ఖాతాలు

1992లో రియో నగరమున పలుదేశములు వాతావరణమును గూర్చిన ఒడంబడికపై చేవ్రాళ్లు చేసినవి. దేశముల లెక్కలతో పాటు కంపెనీల లెక్కలును కావలసివచ్చెను. 2001లో అమెరికాలోని ప్రపంచ వనరుల సంస్థయు, వ్యాపారసంస్థల కూటమి యొకటియు కలిసి యొక లెక్కల విధానమును ప్రకటించినవి. నూనె పరిశ్రమవారు తమ ప్రత్యేకావసరములనుబట్టి 2003లో తమకై మార్గదర్శకములు వ్రాసికొని 2011లో సవరించుకొనిరి. నేడు లోకమున నూనెకంపెనీలు ప్రకటించు లెక్కలకు ఈ విధానములే మూలము.

ఈ విధానమున మూడు ఖాతాలున్నవి. మన లీటరు డీజిలునే వెంబడించి చూతము. విశాఖయందు ముడినూనెను కాచుటకు కొలుములు మండవలెను. గంధకమును తీసివేయుటకు వలయు ఉదజనిని తయారుచేయునప్పుడు బొగ్గుపులుసు గాలి విడువబడును. మిగులు వాయువులను ఎత్తైన గొట్టముపై కాల్చివేయుదురు. ఇవన్నియు కంపెనీ తన ప్రాంగణమున తానే విడుచునవి. ఇది మొదటి ఖాతా. గొట్టపుమార్గమున నూనెను నెట్టు పంపులకు బయటనుండి విద్యుత్తు కొందురు. ఆ విద్యుత్తు పుట్టినచోట విడువబడిన వాయువు రెండవ ఖాతా. ఆ డీజిలు నాచారమున జనరేటరులో మండినప్పుడు పుట్టిన వాయువు కంపెనీకి మూడవ ఖాతా, ఆ కార్ఖానా యజమానికి మొదటి ఖాతా. ఒక్క వాయువే యిద్దరి పుస్తకములలో రెండు వేర్వేరు స్థానముల నుండును. ఇది దొంగలెక్క కాదు. ఒకే సొమ్ము ఒకని పుస్తకమున అప్పుగను, వేఱొకని పుస్తకమున ఆస్తిగను ఉండునట్టిదే. కావున దేశమునకు మొత్తము వేయునప్పుడు మూడవ ఖాతాలను కలుపరాదు. బాధ్యతను విచారించునప్పుడు వదలరాదు.

ఇందలి కీలకమును గమనింపుడు. నూనెవ్యాపారమున ముడినూనె తీయుట మొదలు బంకునకు చేర్చువఱకు విడువబడు వాయువు స్వల్పభాగము. ఐదింట నాలుగుపాళ్లు, తఱచు అంతకు మించియు, అమ్మిన నూనె మండుటవలననే పుట్టును. మూడవ ఖాతాను మూసిపెట్టి మొదటి రెండింటిని మాత్రమే చూపిన కంపెనీ, నూఱు రూపాయల పద్దులో ఇరువది రూపాయలకు మాత్రమే రసీదు చూపినట్లగును.

లెక్కలోని లొసుగులు

న్యాయస్థానములలో మాకు కలిగిన అనుభవ మొకటి కలదు. దస్తావేజులో అబద్ధము వ్రాయువారు తక్కువ. నిజములో కొంత విడిచి వ్రాయువారెక్కువ. గాలిలెక్కల విషయమునను ఇట్టి విడుపులే మనము కనిపెట్టవలసినవి.

మొదటిది సరిహద్దు. ఒక బావిలో మూడు కంపెనీలకు వాటాలున్నప్పుడు, తాము నడుపువానినే లెక్కించు పద్ధతి యొకటి, వాటానుబట్టి లెక్కించు పద్ధతి యొకటి. రెండును శాస్త్రసమ్మతములే. కాని ఒక కంపెనీ యొక పద్ధతిని, వేఱొకటి వేఱు పద్ధతిని అవలంబించినచో, నడుమనున్న వాయువు ఎవరి పుస్తకమునను చేరక గాలిలో మాత్రము చేరును.

రెండవది మొత్తమునకు బదులు నిష్పత్తిని చూపుట. టన్ను నూనెకు నింత వాయువని చెప్పుదురు. ఒక కర్మాగారము టన్నుకు 100 పాళ్లు విడుచుచుండి, యంత్రములను బాగుచేసి 80కి తగ్గించెననుకొనుడు. ప్రశంసింపదగినదే. ఆ కాలముననే ఉత్పత్తి 100 టన్నులనుండి 180 టన్నులకు పెరిగెననుకొనుడు. నిష్పత్తి నూటికి ఇరువది తగ్గినను, మొత్తము నూటికి నలువదినాలుగు పెరిగినది. విశాఖ కర్మాగారపు సామర్థ్యమును ఏటికి 83 లక్షల టన్నులనుండి 150 లక్షల టన్నులకు పెంచు విస్తరణము చేపట్టబడిన ఈ కాలమున, రెండంకెలును ప్రక్కప్రక్కన కనబడవలెనని కోరుట న్యాయము. ఆకాశమునకు నిష్పత్తి తెలియదు, మొత్తమే తెలియును.

మూడవది మీథేను. నూనెతోపాటు వచ్చు సహజవాయువులో ముఖ్యభాగ మిదియే. కాలినప్పుడు బొగ్గుపులుసు గాలి యగును. కాలక జాఱిపోయినచో నంతకంటె తీవ్రముగా భూమిని వెచ్చజేయును. తూకమునకు తూకము నూఱేండ్ల లెక్కలో సుమారు ఇరువదియెనిమిది రెట్లు, ఇరువదియేండ్ల లెక్కలో ఎనుబది రెట్లకు పైగా. వాల్వులలో, కీళ్లలో, తొట్లమూతలలో ఎంత జాఱిపోవుచున్నదో చాలచోట్ల యంత్రములతో కొలువక, ఇన్ని వాల్వులకు ఇంత యని గుణించి వ్రాయుచుందురు. అంచనా తప్పని మేము చెప్పుట లేదు. అంచనాను అంచనాయని, కొలతను కొలతయని వేర్వేరుగ చెప్పవలెనని కోరుచున్నాము.

నాలుగవది ఉపద్రవములు. కోనసీమలోని పాశర్లపూడి బావి 1995 జనవరి 8న భగ్గుమని లేచి, మార్చి 15వఱకు 65 దినములు రేయింబవళ్లు మండినది. కొబ్బరితోటలు మాడినవి, జనులు ఇండ్లు విడిచి పరుగెత్తిరి. 1997 సెప్టెంబరు 14న విశాఖ శుద్ధికర్మాగారమున వంటగ్యాసు రగిలి పలువురు మరణించిరి. 2014 జూను 27న నగరము గ్రామమున గ్యాసుగొట్టము పగిలి ఇరువదిమందికి పైగా కాలిపోయిరి. ఆ ప్రాణముల ముందు వాయువుల తూకమును ఎత్తుట మా యుద్దేశము కాదు. కాని సాధారణదినముల లెక్క వ్రాసి, అసాధారణదినముల లెక్కను అనుబంధములలో దాచు చిట్టా పూర్తిచిట్టా కాదని చెప్పక తప్పదు. జాఱు గ్యాసును కొలుచు అలవాటున్నచోట ప్రమాదమును ముందుగా పసికట్టుటయు సులభము. గాలిలెక్కకును, మనుష్యుల ప్రాణరక్షణకును ఇక్కడ సంబంధము కలదు.

ఐదవది గుంపులెక్క. దేశమంతట నున్న కర్మాగారములన్నింటిని కలిపి యొక్క యంకె వేసినచో, విశాఖవాసికి తన ఊరిలో నెంతయో తెలియదు, ఘటకేశ్వరమువానికి తన ప్రక్కనున్న తొట్లనుండి ఎంతయో తెలియదు. మొత్తము దేశమునకు, వివరము పొరుగువానికి. రెండును కావలెను.

మన చట్టములేమి చెప్పుచున్నవి?

మన దేశమున చట్టము లేదనుట సరికాదు. 2001లో శక్తిపరిరక్షణ చట్టము చేయబడినది. దానిక్రింద పెద్ద కర్మాగారములు తమ శక్తివ్యయమును నివేదించి, నిర్ణయించిన మేరకు తగ్గింపవలెనను పథకము 2012లో ప్రారంభమై, 2016లో మొదలైన రెండవ విడతయందు శుద్ధికర్మాగారములకును వర్తించినది. 2022లో చట్టము సవరింపబడి, 2023లో ఉద్గారముల క్రయవిక్రయ పథకము ప్రకటింపబడినది. అదియు నిష్పత్తి పద్ధతినే అనుసరించుచున్నది. వాటాలబజారు నియంతయగు సెబీవారు 2021లో నొక నివేదికా పత్రమును నిర్ణయించి, 2022-23నుండి మొదటి వేయి కంపెనీలకు తప్పనిసరి చేసిరి. అందు శక్తివ్యయమును, మొదటి రెండు ఖాతాలను వ్రాయుట విధి. మూడవ ఖాతా మాత్రము ఐచ్ఛికపు భాగమున నుంచబడినది. నూఱింట ఎనుబది పాళ్లున్న ఖాతాయే ఐచ్ఛికమగుట గమనింపుడు!

2021లో గ్లాస్గో మహాసభలో మన దేశము 2070 నాటికి ఉద్గారములను నికరముగా శూన్యము చేయుదునని ప్రతిజ్ఞ చేసినది. మన ప్రభుత్వరంగపు నూనెకంపెనీలు అంతకుముందే ఆ గమ్యమును చేరుదుమని గడువులు ప్రకటించినవి. ఓఎన్‌జీసీ 2038, హిందూస్థాన్ పెట్రోలియము, భారత్ పెట్రోలియము 2040, ఇండియన్ ఆయిల్ 2046. సంతోషము. కాని ఈ గడువులు కంపెనీల స్వంతకార్యముల ఉద్గారములకు సంబంధించినవి. అమ్మిన నూనె మండుటకు సంబంధించినవి కావు. ప్రతిజ్ఞాపత్రమును చదువునప్పుడు షరతులను సయితము చదువుట మా వృత్తిధర్మము. మీరును అలవరచుకొనవలెనని మనవి.

1986 నాటి పర్యావరణరక్షణ నిబంధనలచొప్పున అనుమతిపొందిన ప్రతి కార్ఖానాయు ఏటేట సెప్టెంబరు 30లోపల కాలుష్య మండలికి పర్యావరణ నివేదిక సమర్పింపవలెను. నీరు, ముడిసరకు, వ్యర్థములు అందు వ్రాయుదురు. భూతాపకవాయువులను గూర్చిన ప్రత్యేకపు గడి లేదు. ఆ పత్రమున నొక్క గడి చేర్చినచో, క్రొత్త కచేరీలు లేకయే నాచారము, ఉప్పల్, చెర్లపల్లి కార్ఖానాలన్నింటి లెక్క యొక్కచోట చేరును.

తుదకు హక్కు మాట. 2024 మార్చి 21న సర్వోన్నత న్యాయస్థానమువారు, బట్టమేకపక్షుల రక్షణకును విద్యుత్తు తీగలకును సంబంధించిన వ్యాజ్యమున, వాతావరణమార్పుల దుష్ఫలితములనుండి రక్షణ పొందు హక్కు రాజ్యాంగపు 14, 21 అధికరణములలో నిమిడి యున్నదని తీర్పుచెప్పిరి. హక్కు కలదన్నచో, ఆ హక్కునకు భంగమెంత కలుగుచున్నదో తెలిసికొను హక్కును దానివెంటనే వచ్చును. లెక్క చూపని యెడల హక్కునకు సాక్ష్య మెక్కడిది?

మూడు ఆక్షేపణలు

ఈ విషయమును మేము పలుచోట్ల ప్రస్తావించినప్పుడు మూడాక్షేపణలు వినబడుచున్నవి. మూడింటిలోను కొంత న్యాయమున్నది గనుక గౌరవముతో బదులు చెప్పుదము.

ఒకటి: పాశ్చాత్యులు రెండువందల యేండ్లు బొగ్గును, నూనెను కాల్చి ధనవంతులైరి, ఇప్పుడు మనకు లెక్కలు నేర్పవచ్చిరా? ఈ కోపము ధర్మమైనదే. ఇంతవఱకు లోకమున మనుష్యులు విడిచిన బొగ్గుపులుసు గాలిలో సుమారు నాలుగవవంతు అమెరికా యొక్కటియే విడిచినది. మన దేశపు తలసరి పాలు లోకపు సగటులో సగమునకును తక్కువ. కాని సోదరులారా, బాకీ వసూలుకు దావా వేయువాడు చేతిలో ఆవర్జా లేక కోర్టుకు పోవునా? అవతలివాని అప్పును నిరూపింపదలచినవాడు ముందు తన పుస్తకములను శుభ్రముగ నుంచుకొనవలెను. మన లెక్క యెంత నిక్కమైనదో, మన దావా అంత బలమైనది.

అదియునుగాక, మన లెక్క మనము వ్రాయకున్న పరాయివాడు వ్రాయును. ఐరోపా సమాఖ్యవారు తమ దేశములకు వచ్చు ఉక్కు, అల్యూమినియము, సిమెంటు మొదలగు సరకులపై, వాని తయారీలో విడువబడిన వాయువును లెక్కించి సుంకము విధించు విధానమును 2023 అక్టోబరులో ఆరంభించిరి. 2026 జనవరినుండి ఆ సుంకపు బాధ్యత మొదలైనది. మరలు, బోల్టులు సయితము ఆ పట్టికలో నున్నవి. తయారీదారుడు తన నిజమైన లెక్క చూపలేనిచోట, వారు నిర్ణయించిన ఎక్కువ యంకెనే అంగీకరింపవలసివచ్చును. శుభ్రముగ పనిచేసిన నాచారపు కార్ఖానా, లెక్క వ్రాయలేదను నొక్క కారణముచేత, పొగ యెక్కువ విడుచువానితో సమానముగ సుంకమును భరించుట యెంత అన్యాయము! పూర్వము మన సంపద లెక్క పరాయివారి చేతిలో నుండెను. ఇప్పుడు మన గాలిలెక్కయు వారి చేతికే పోవుట తగునా?

రెండు: చిన్న కార్ఖానాలవారు, పదిమంది పనివారితో షెడ్డు నడుపువారు, ఈ లెక్కల భారమెట్లు మోయుదురు? ఇది నిజమైన బాధ. పెద్దకంపెనీలకు విధించు పత్రములను వారిపై మోపరాదు. వారికి మూడు పంక్తులు చాలును: కరెంటు బిల్లులోని యూనిట్లు, జనరేటరులో పోసిన డీజిలు, వాడిన గ్యాసు. ఒక షెడ్డులో నెలకు 5,000 యూనిట్లు, 200 లీటర్ల డీజిలు ఖర్చగుననుకొనుడు. యూనిట్లవలన 3,500 కిలోలు, డీజిలువలన 520 కిలోలు. వెరసి సుమారు 4 టన్నులు. ఈ లెక్క నెలకు పావుగంట పని. దానివలన ఏ మోటారు వృథాగా తిరుగుచున్నదో, ఏ గొట్టమునుండి ఒత్తిడిగాలి పోవుచున్నదో యజమానికి తెలిసి, బిల్లు తగ్గును. గాలికి చేసిన మేలు జేబునకును మేలగు సందర్భమిది.

మూడు: మేము అమ్మువారము మాత్రమే, కాల్చువారు మీరు గదా యని నూనెకంపెనీల వాదము. వాద మొకపాలు నిజము. కాల్చువాడు బాధ్యుడే. కాని ప్రత్యామ్నాయము లేని కొనుగోలుదారుడు, ప్రత్యామ్నాయమును నిర్మింపగల విక్రేత, ఇరువురును సమానబాధ్యులని ఏ ధర్మశాస్త్రమును చెప్పదు. 2017లో మెట్రోరైలు వచ్చినపిదప ఉప్పల్ జనులెందరో మోటారుసైకిళ్లను ఇంటివద్ద వదలి దాని నెక్కుచున్నారు. త్రోవ చూపినచో జనులు నడచుదురనుటకు ఇదియే నిదర్శనము. మన దేశము వాడు ముడినూనెలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. పొదుపుచేసిన ప్రతి లీటరును ఆకాశమునకేగాక బొక్కసమునకును లాభమే.

మన కర్తవ్యము

ఇదంతయు దూరపు సంగతి యని యెవరును అనుకొనరాదు. 2020 అక్టోబరు 13న ఘటకేశ్వరపు పరిసరములలో ఒక్కదినమున 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. ఉప్పల్, రామంతాపురములలోని పల్లపు బస్తీలలో ఇండ్లలోనికి నీరు చొచ్చి, పేదల బియ్యము, బట్టలు, పిల్లల పుస్తకములు కొట్టుకొనిపోయినవి. ఆ యొక్క వాన కిదియే కారణమని చెప్పుట శాస్త్రము కాదు. పూడిన చెరువులు, మూసికొనిపోయిన నాలాలు దానికి తోడైనవి. కాని గాలి వేడెక్కినకొలది అది తేమను ఎక్కువగా మోయుననియు, అట్టి కుండపోతలు పెరుగుననియు శాస్త్రజ్ఞులు నిర్ధారించినారు. రేకులషెడ్డులో వేసవి మధ్యాహ్నము పనిచేయు కూలికిని ఈ వేడి గ్రంథములలోని మాట కాదు. లెక్కలో దాచిన ప్రతి టన్నును తుదకు మోయువాడు అతడే.

కావున మనము కోరవలసినవి నాలుగు. శుద్ధికర్మాగారము, గొట్టపుమార్గము, నిలువతొట్ల కేంద్రము వేటికవి తమ శక్తివ్యయమును, ఉద్గారములను ఏటేట తెలుగున ప్రకటింపవలెను. మొత్తమును, నిష్పత్తిని ప్రక్కప్రక్కన చూపవలెను. మూడవ ఖాతాను ఐచ్ఛికమునుండి విధిగా మార్చవలెను. గొట్టముపై కాల్చిన వాయువును, జాఱిన మీథేనును, ప్రమాదములలో పోయినదానిని విడివిడిగా, ఏది కొలత యేది అంచనాయో తెలుపుచు వ్రాసి, కంపెనీతో సంబంధములేని పరీక్షకునిచేత తనిఖీ చేయింపవలెను.

ఇవి ఇతరులను కోరవలసినవి. మనము చేయగలిగినవియు కలవు. ప్రభుత్వరంగపు నూనెకంపెనీలు 2005 నాటి సమాచారహక్కు చట్టమునకు లోబడినవి. పదిరూపాయల రుసుముతో నెవరైనను దరఖాస్తు పెట్టి, ఫలాన కేంద్రమున ఈ యేడు ఎంత విద్యుత్తు, ఎంత డీజిలు వాడితిరని యడుగవచ్చును. 30 దినములలో బదులు రావలెను. వ్యాపారరహస్యమని త్రోసిపుచ్చినచో, ప్రజాప్రయోజనము అంతకంటె గొప్పదైనప్పుడు చూపవలసినదేయని ఆ చట్టమే చెప్పుచున్నది, అప్పీలు చేయవచ్చును. దరఖాస్తు వ్రాయుట చేతకానివారికి వ్రాసిపెట్టుటకు మావంటి న్యాయవాదులు సిద్ధముగనున్నాము. ప్రతిఫల మక్కఱలేదు.

రెండవది, ప్రతి పఠనమందిరమున పత్రికల ప్రక్కనే యొక గాలిచిట్టాను ఉంచుడు. ఇంటింటి కరెంటు యూనిట్లు, సిలిండర్లు, పెట్రోలు స్వచ్ఛందముగ వ్రాయించి, నెలకొకసారి గోడపై మొత్తము వేయుడు. నెలకు 200 యూనిట్లు, ఒక సిలిండరు, 20 లీటర్ల పెట్రోలు వాడు కుటుంబము 140, 42, 46 వెరసి 228 కిలోలు, ఏటికి సుమారు రెండుముప్పావు టన్నులు విడుచునని ఎనిమిదవ తరగతి బాలుడు సయితము లెక్క కట్టగలడు. తన లెక్క వ్రాసినవాని మాటయే పెద్దల లెక్క అడుగునప్పుడు చెల్లును.

స్వరాజ్యమనగా మన జెండా మనమే యెగురవేసికొనుట మాత్రమే కాదు. మన లెక్క మనమే వ్రాసికొని, దానికి మనమే జవాబుదారులమగుట. నూనె తుదకు ఇంకిపోవును; నేడు గాలిలో కలిసిన వాయువు మాత్రము మన మనుమల కాలమునను నిలిచియుండును. వారు మన పుస్తకములను విప్పి చూచునప్పుడు పుటలు ఖాళీగ కనబడకుండుగాక! రేపే యొక చిట్టాపుస్తకమును కొని ఈ పఠనమందిరపు బల్లపై ఉంచవలెనని కోరుచున్నాము.